పిన్ని ఊపిరితిత్తుల బీపీ, సెరటోనిన్, ఎముకల్లోని మూలుగ

మా పిన్నికి ఆయాసం మొదలైనప్పుడు ఇంట్లో అందరం వయసు మీద పడిందనే అనుకున్నాం. కోవూరు దగ్గర పల్లె ఆమెది. ఇంట్లోంచి పశువుల కొట్టం దాకా పోయి వచ్చేలోపు రెండు చోట్ల ఆగేది. "నడస్తా ఉంటే ఎదకి తాడేసి బిగించినట్టుంది అబ్బయ్యా" అనేది. చూసిన డాక్టరు ఉబ్బసం అన్నాడు. రెండేళ్లు ఇన్‌హేలర్ పీల్చింది. కాళ్లు వాచి, ఒకరోజు మిద్దె మెట్లెక్కుతూ కళ్లు తిరిగి పడిపోయాక గానీ ఎవరూ ఎకో తీయించలేదు. నెల్లూరులో ఎకో, ఆ తర్వాత చెన్నైలో కాథ్ పరీక్ష (నరం గుండా సన్నటి గొట్టం గుండెదాకా పోనిచ్చి లోపలి ఒత్తిడి కొలవడం) చేశారు. జబ్బు పేరు పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ అని తేలింది. ఊపిరితిత్తులకు రక్తం తీసుకుపోయే ధమనుల్లో బీపీ పెరగడం.

ఈ మధ్య వాళ్లబ్బాయి రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. "అన్నా, ఈ జబ్బుకి సెరటోనినే కారణమంట. అమ్మ దిగులుకి వేసుకునే మాత్ర సెరటోనిన్ పెంచేదే గదా? నిన్నటినుంచి మానేపించా. ఇంకోటి, ఎముక మూలుగ మారిస్తే ఈ జబ్బు పోతుందంట, నిజమేనా?" బాబాయి పోయినప్పటి నుంచి పిన్ని సెర్ట్రలిన్ వాడుతోంది. నేను కావలిలో పిల్లలకు జంతుశాస్త్రం చెప్పేవాణ్ని, డాక్టర్ని కాను. అందుకని ముందు ఒక్కటే చెప్పాను: ఆ మాత్ర రేపు పొద్దున యథాప్రకారం వెయ్యి, రాసిన డాక్టరుకు ఫోన్ చెయ్యి, తక్కినది తర్వాత మాట్లాడదాం. ఆ తక్కినదే ఇక్కడ రాస్తున్నా. తమ్ముడు చదివింది అబద్ధం కాదు. అయితే సగం దగ్గర ఆగిపోయాడు.

మొదట ఈ బీపీ ఏమిటో చూద్దాం. చేతికి పట్టీ చుట్టి కొలిచే బీపీకి, దీనికి సంబంధం లేదు. గుండె ఎడమవైపు నుంచి ఒళ్లంతా రక్తం పోతుంది, కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు పోతుంది. రెండు వైపులా పోయే రక్తం కొలత ఒకటే, విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 5 లీటర్లు. ఒత్తిడి మాత్రం ఒకటి కాదు. ఒంట్లో సగటు ఒత్తిడి 90 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే, ఊపిరితిత్తుల ధమనుల్లో 14 చుట్టుపక్కలే ఉంటుంది. అక్కడి నాళాలు వెడల్పుగా, మెత్తగా, లెక్కలేనన్ని పాయలుగా చీలి ఉంటాయి కాబట్టి అంత తక్కువ ఒత్తిడి చాలు. పెన్నా కాలువ నీళ్లు మోటారు లేకుండానే పంట బోదెల్లోకి జారినట్టు రక్తం జారిపోతుంది. అందుకే కుడి జఠరిక, అంటే ఊపిరితిత్తులకు రక్తం తోసే గుండె గది, గోడ పలచగా ఉంటుంది. బరువు మొయ్యడం దాని పని కాదు.

ఇప్పుడు ఆ బోదెలన్నీ ఒండ్రు పట్టి, గట్లు లోపలికి పెరిగి సన్నబడ్డాయనుకోండి. పోవాల్సిన రక్తం తగ్గదు, దారి మాత్రం ఇరుకవుతుంది. సగటు ఒత్తిడి 20 దాటితే పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటున్నారు. 2018 దాకా ఈ గీత 25 దగ్గర ఉండేది. పిన్నికి కాథ్‌లో వచ్చింది 52. పలచటి కుడి జఠరిక ఆ భారానికి మొదట మందమవుతుంది, తర్వాత సాగిపోతుంది, చివరికి చేతులెత్తేస్తుంది. ఈ జబ్బులో ప్రాణం పోయేది ఎక్కువగా గుండె కుడివైపు అలిసిపోవడం వల్లే.

ఈ పేరు కింద జబ్బు ఒకటే రకం కాదు. డాక్టర్లు ఐదు గుంపులు చేస్తారు. ఎడమ గుండె జబ్బు వల్ల వచ్చేది ఎక్కువ మందిలో కనిపిస్తుంది. చిన్నప్పటి కీళ్లజ్వరం వల్ల కవాటం చెడినవాళ్లకు వచ్చేది ఇదే. ఊపిరితిత్తుల జబ్బు వల్ల వచ్చేది ఇంకొకటి. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ, పొగాకు, రాతి ధూళి అన్నీ ఆ దారికే తీస్తాయి. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనుల్లోనో చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లోనో దుమ్ములో పనిచేసినవారికి ఆయాసం ఉంటే సిలికోసిస్ ఒక్కటే చూసి ఆగకుండా గుండె కుడివైపు ఎలా ఉందో కూడా చూడమని నేను గట్టిగా చెబుతా. రక్తం గడ్డలు అడ్డుపడి వచ్చేది మరో గుంపు. పలు కారణాలు కలిసినవి ఇంకో గుంపు. పిన్నిది వీటిలో ఏదీ కాదు. చిన్న ధమనుల గోడలే తమంతట తాము మందమయ్యే రకం, అరుదైనది, మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ. సెరటోనిన్ కథ ముఖ్యంగా ఈ రకం గురించే.

సెరటోనిన్ అంటే మెదడులో సంతోషం పుట్టించే రసాయనమని పత్రికల్లో, వీడియోల్లో వినీ వినీ అదే స్థిరపడిపోయింది. దాని పేరు వేరే కథ చెబుతుంది. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మారిస్ రాపోర్ట్, ఆర్డా గ్రీన్, ఇర్విన్ పేజ్ దాన్ని రక్తం సీరంలో నుంచి వేరుచేశారు. వాళ్లు వెతుకుతున్నది రక్తనాళాలను బిగించే పదార్థం కోసం. సీరంలో దొరికి, నాళాలకు బిగువు, అంటే 'టోన్', ఇచ్చేది కాబట్టి సెరటోనిన్ అయింది. మనసుతో దాని సంబంధం తర్వాత బయటపడింది. అంతకుముందే ఇటలీలో విట్టోరియో ఎర్‌స్పామర్ ఇదే పదార్థాన్ని పేగుల్లో చూసి ఎంటెరమిన్ అని పిలిచాడు. ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుంది. మెదడు తనకు కావాల్సింది తానే చేసుకుంటుంది. పేగు సెరటోనిన్ మెదడులోకి పోలేదు. చేసే ఎంజైములు కూడా వేరువేరు, మెదడులో టీపీహెచ్-2, బయట టీపీహెచ్-1. అరటిపండులో సెరటోనిన్ ఉంది, పిన్నికి పెట్టొచ్చా అని కూడా తమ్ముడు అడిగాడు. తిన్నది పేగులో, కాలేయంలో విరిగిపోతుంది. ఆ ఒక్క కారణానికి అరటిపండు మానక్కర్లేదు.

పేగులో పుట్టిన సెరటోనిన్ రక్తంలోకి రాగానే ప్లేట్‌లెట్లు దాన్ని పీల్చి దాచుకుంటాయి. సొంతంగా తయారుచేయలేవు, మోస్తాయంతే. మిగిలింది కాలేయం, ఊపిరితిత్తులు శుభ్రం చేస్తాయి. అంటే మామూలుగా ఊపిరితిత్తుల ధమనుల దగ్గర విడి సెరటోనిన్ చాలా తక్కువ. ఈ ఏర్పాటు ఎక్కడ తప్పినా అక్కడి నాళాలకు సెరటోనిన్ మోతాదు ఎక్కువైనట్టే. ధమని గోడలోని కండర కణాల మీద 1బి అనే రిసెప్టర్‌ను, అంటే సెరటోనిన్ తాళంచెవిలా పట్టే తాళాన్ని, తాకితే నాళం బిగుసుకుంటుంది. సెర్ట్ అనే ద్వారం గుండా కణం లోపలికి పోతే ఆ కణాన్ని పెరగమని, రెండవ్వమని తోస్తుంది. బిగింపు మందుతో సడలొచ్చు. గోడ పెరిగితే సడలించడానికి ఏముంటుంది? ఈ జబ్బు మొండిది కావడానికి ఆ పెరుగుదలే అసలు కారణం.

ఈ అనుమానం మొదట బలపడింది ప్రయోగశాలలో కాదు, మందుల షాపుల్లో. 1965లో స్విట్జర్లాండ్‌లో అమినోరెక్స్ అనే ఆకలి తగ్గించే మాత్ర అమ్మకానికి వచ్చింది. కొద్ది ఏళ్లలోనే స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, జర్మనీల్లో ఈ అరుదైన జబ్బు ఒక్కసారిగా పెరిగింది. మాత్రను ఆపేశారు, కొత్త కేసులు తగ్గాయి. తర్వాత ఫెన్‌ఫ్లురమిన్, డెక్స్‌ఫెన్‌ఫ్లురమిన్ వచ్చాయి, మళ్లీ బరువు తగ్గడానికే. 1996లో వచ్చిన యూరప్ పరిశోధన ప్రకారం ఇలాంటి మాత్రలు మూడు నెలలకు పైగా వాడినవారిలో జబ్బు ముప్పు 20 రెట్లు దాటింది. 1997లో వాటినీ వెనక్కి తీసుకున్నారు. ఒంట్లోకి పోయాక ఫెన్‌ఫ్లురమిన్ మారి తయారయ్యే పదార్థం సెరటోనిన్ తాళాల్లో ఒకదాన్ని బాగా తెరుస్తుందని ఆ తర్వాత తెలిసింది. ఆ తాళం పేరు 5-హెచ్‌టీ-2బి. గుండె కవాటాలు మందమై చెడిపోవడానికీ అదే దారి.

అప్పుడు ఫ్రాన్స్‌లో ఒక బృందం ఈ 2బి తాళం వెంట పడింది. ఆ జన్యువు లేకుండా పుట్టించిన ఎలుకల్ని ఆక్సిజన్ తక్కువున్న గాలిలో వారాల తరబడి ఉంచారు. మామూలు ఎలుకలకు అలా చేస్తే ఊపిరితిత్తుల ధమనులు మందమై ఒత్తిడి పెరుగుతుంది. 2బి లేని ఎలుకలకు పెరగలేదు. 2002లో ఇది అచ్చయింది. (ఎలుకల్లో, పెద్ద ఎలుకల్లో ఈ జబ్బు తెప్పించడానికి మోనోక్రోటలిన్ అనే విషం కూడా వాడతారు. అది గిలక కాయల జాతి మొక్కల్లో దొరుకుతుంది. మన పొలాల్లో పచ్చిరొట్టకు చల్లే జనుము ఆ మొక్కకు దగ్గరి చుట్టం. అలాంటి మొక్కల గింజల జోలికి పశువుల్ని పోనివ్వకపోవడం మంచిది.)

2బి తాళం కావాలని తేలింది సరే, అది ఎక్కడి తాళం? ఎవరైనా ధమని గోడ మీదిదే అంటారు. జబ్బు కనిపించేది అక్కడ కదా. 2012లో అదే పరిశోధకులు, జాన్ మారీ లోనే, లుక్ మారోటో తదితరులు, వేరే జవాబు చెప్పారు. ఈ వ్యాసం మొత్తంలో నేను నిలబడి చూడాలనుకునే చోటు ఇదే.

మూలుగ అంటే మాంసం ముక్కలో నల్లి ఎముక కొట్టి పీల్చేది. బతికున్న ఒంట్లో అదే రక్తం పుట్టిల్లు. ఎర్రకణాలు, తెల్లకణాలు, ఇందాక సెరటోనిన్ మోసేవని చెప్పిన ప్లేట్‌లెట్లు, అన్నీ అక్కడ పుట్టినవే. ఒక ఎలుక మూలుగను రేడియేషన్‌తో చంపి, ఇంకో ఎలుక మూలుగను నరంలోకి ఎక్కిస్తే కొద్ది వారాల్లో ఆ ఎలుక రక్తమంతా దాతది అవుతుంది. ధమని గోడలు మాత్రం సొంతవే. పరిశోధకులు రెండు వైపులా మార్చి చూశారు. 2బి ఉన్న ఎలుకకు 2బి లేని మూలుగ ఎక్కించారు. ధమని గోడలో తాళం ఉన్నా జబ్బు రాలేదు. 2బి లేని ఎలుకకు 2బి ఉన్న మూలుగ ఎక్కించారు. ధమని గోడలో తాళం లేకపోయినా జబ్బు వచ్చింది.

ఈ రెండు వాక్యాలూ నెమ్మదిగా ఇంకోసారి చదవండి. జబ్బు ఎక్కడ కనిపిస్తుందో దాన్ని మొదలుపెట్టే తాళం అక్కడ లేదు. అది మూలుగ కణాల మీద ఉంది. మొదటి ఫలితం అక్కడ ఆ తాళం తప్పనిసరి అంటుంది. రెండోది అక్కడ ఉంటే చాలు అంటుంది. రేడియేషనే జబ్బును ఆపిందేమో అని మీకు అనుమానం రావచ్చు, సరైన అనుమానమే. అందుకే ఇలాంటి ప్రయోగాల్లో ఒకే రకం ఎలుకల మధ్య మూలుగ మార్చినవాటినీ పక్కన పెట్టి పోలుస్తారు.

మూలుగ కణాలు ఊపిరితిత్తుల్లో ఏం చేస్తాయి? నాట్ల కాలంలో వేరే ఊరి నుంచి ముఠాలు దిగినట్టే, దెబ్బ తగిలిన నాళం దగ్గరికి మూలుగ నుంచి కణాలు వచ్చి చేరతాయి. కొన్ని వాపు పుట్టించేవి, కొన్ని ఇంకా ఏమవ్వాలో తేలని పిల్ల కణాలు. ధమని చుట్టూ గుమిగూడి గోడ కణాలకు పెరగమనే సంకేతాలిస్తాయి. ముఠాను బయలుదేరదీసే మేస్త్రీ పిలుపు లాంటిది 2బి మీద సెరటోనిన్ చేసే పని. మూలుగలోనే ఏ కణం ఏ దారి పట్టాలనే దాన్ని కూడా ఈ తాళం ప్రభావితం చేస్తుందని ఆ పరిశోధన సూచించింది. పోలిక ఇంతవరకే పనికొస్తుంది. ముఠా నాటి వెళ్లిపోతుంది, ఈ కణాలు వేసిన గోడ అలాగే ఉండిపోతుంది.

మనుషుల్లో దీనికి సాక్ష్యం ఉందా? కొంత ఉంది. సెరటోనిన్‌ను మొదట వేరుచేసిన అదే క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు ఈ జబ్బున్నవారి మూలుగను పరీక్షించారు. అందులో నార పెరిగి ఉంది. రక్తంలో మూలుగ నుంచి వచ్చే పిల్ల కణాలు ఎక్కువగా తిరుగుతున్నాయి. 2012లోనే వాళ్లు రోగుల నుంచి తీసిన సీడీ133 అనే గుర్తున్న కణాలను రోగనిరోధక శక్తి లేని ఎలుకలకు ఎక్కించారు. ఎలుకల ఊపిరితిత్తుల నాళాలు దెబ్బతిన్నాయి, గడ్డలు కట్టాయి, కుడి జఠరిక పెరిగింది. ఆరోగ్యవంతుల కణాలతో అలా జరగలేదు. మూలుగలో నార పెరిగే మైలోఫైబ్రోసిస్ అనే జబ్బున్న కొందరికి పల్మనరీ హైపర్‌టెన్షన్ రావడం డాక్టర్లకు ముందునుంచీ తెలుసు.

తమ్ముడు రెండో ప్రశ్న ఇక్కడే వేశాడు. అట్లయితే మూలుగ మార్చేస్తే పోదా?

పోతుందని చెప్పడానికి ఆధారం లేదు. ఎలుకల ప్రయోగంలో జబ్బు రాకముందే మూలుగ మార్చారు. అది రాకుండా ఆపడం. పిన్ని ధమనుల గోడలు ఏళ్ల క్రితమే మందమైపోయాయి. ఆక్సిజన్ తగ్గించి తెప్పించిన ఎలుక జబ్బు మామూలు గాలిలోకి తెస్తే చాలావరకు తగ్గుతుంది, మనిషిది తగ్గదు. మనిషి ఊపిరితిత్తుల్లో కనిపించే, చిన్న నాళాలు కలగాపులగంగా అల్లుకుపోయిన గాయాలు ఆ ఎలుకల్లో రావు. పైగా మూలుగ మార్పిడికి ముందు ఇచ్చే మందులే అలిసిపోయిన కుడి గుండెకు ప్రమాదం. ఆ ప్రయోగం జబ్బు ఎలా మొదలవుతుందో చెప్పింది, చికిత్స చెప్పలేదు. ఈ తేడా చెప్పకుండా శీర్షికలు పెట్టే వార్తల మీద నాకు నిజంగా కోపం.

సెరటోనిన్ కథ కూడా తిన్నగా సాగలేదు. ఫెన్‌ఫ్లురమిన్ వాడి జబ్బు తెచ్చుకున్న ఒక రోగిలో 2బి జన్యువు పనిచేయకుండా చెడిపోయి ఉందని 2003లో ఒక నివేదిక వచ్చింది. తాళం లేకపోతే జబ్బు రాదని ఎలుకలు చెబుతుంటే, తాళం చెడినా జబ్బు వచ్చిందని ఆ ఒక్క కేసు చెబుతోంది. ఒక్క మనిషి మీద సిద్ధాంతం కూలదు, కానీ దాన్ని దాచకూడదు. వంశపారంపర్యంగా వచ్చే కేసుల్లో 70–80 శాతం బీఎమ్‌పీఆర్-2 అనే వేరే జన్యువు లోపంతో ముడిపడి ఉన్నాయి. అది 2000లో బయటపడింది. ఆ లోపం ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. అంటే ఇంకేదో తోడవ్వాలి. సెరటోనిన్, మూలుగ కణాలు ఆ తోడయ్యేవాటిలో ఉన్నాయని నేననుకుంటా.

మందుల సంగతి చూస్తే మరీ నిరాశ. సెరటోనిన్ తాళాలు మూసే టెర్గురైడ్ మనుషుల మీద పనిచేయలేదు. సెరటోనిన్ తయారీనే ఆపే రొడాట్రిస్టాట్ మీద ఎంతో ఆశ పెట్టుకున్నారు. మందు ఒంట్లో సెరటోనిన్ తయారీని నిజంగానే తగ్గించింది. రక్తం పారడానికి నాళాలు పెట్టే అడ్డు మాత్రం తగ్గకపోగా పెరిగింది. పరీక్షను మధ్యలో ఆపేశారు. రాజుకునేటప్పుడు అగ్గిపుల్ల లాక్కుంటే మంట ఆగుతుంది, ఇల్లంటుకున్నాక అగ్గిపెట్టె దాచి లాభం లేదు. నా అంచనా ఇదే. ఇప్పుడు వాడుకలో ఉన్న మందుల్లో సిల్డెనఫిల్, బోసెంటన్ లాంటివి నాళాలను సడలించే దారిలో పోతాయి. 2024 మార్చిలో అమెరికా అనుమతించిన సొటాటర్‌సెప్ట్ గోడ పెరుగుదల మీద పనిచేస్తుంది. దాన్ని మొదట పరీక్షించింది ఎముకల బలహీనత కోసం, ఆ తర్వాత రక్తహీనత కోసం. మూలుగను కదిలించే మందు ఊపిరితిత్తులకు పనికిరావడం చూసినప్పుడు నాకు 2012 నాటి ఎలుకలే గుర్తొచ్చాయి.

ఇక పిన్ని మాత్ర. సెర్ట్రలిన్ లాంటివి సెర్ట్ ద్వారాన్ని మూస్తాయి. ధమని కండర కణాల్లోకి సెరటోనిన్ దూరే ద్వారం అదేనని పైన చెప్పాను. ఎలుకల్లో ఇదే కోవకు చెందిన ఫ్లుయోక్సెటిన్ ఇస్తే జబ్బు తగ్గింది కూడా. ఫెన్‌ఫ్లురమిన్ చేసే పని వేరు. అది దాచిన సెరటోనిన్‌ను బయటికి తోస్తుంది, ఫెన్‌ఫ్లురమిన్ నుంచి తయారయ్యే పదార్థం 2బిని తెరుస్తుంది. రెండింటినీ సెరటోనిన్ మందులే అని ఒక గాటన కట్టడమే తమ్ముడు చేసిన పొరపాటు. పెద్దవాళ్లలో ఈ దిగులు మాత్రలే జబ్బు తెచ్చాయని రుజువు కాలేదు. గర్భం చివరి నెలల్లో వాడితే పుట్టిన బిడ్డకు ఊపిరితిత్తుల ఒత్తిడి తగ్గకుండా ఉండిపోయే ముప్పు కొద్దిగా పెరుగుతుంది. అది గర్భిణులు డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం. ఎవరైనా సరే ఉన్నట్టుండి మానేస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, దిగులు తిరగబెట్టడం ఉంటాయి. బరువు తగ్గే మాత్రలు, పొడులు మాత్రం ఏమున్నాయో తెలియకుండా వాడొద్దు. ఈ జబ్బు చరిత్రలో నిజంగా మనుషుల్ని చంపినవి అవే.

మర్నాడు తమ్ముడు డాక్టరుతో మాట్లాడాడు. మాత్ర కొనసాగించమన్నారు. పిన్ని రెండు పూటలే మానింది కాబట్టి ఏమీ కాలేదు. వచ్చే నెల మళ్లీ ఎకో ఉంది. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలదో కూడా కొలుస్తారు. పోయినసారి 290 మీటర్లు నడిచింది. రోజూ సాయంత్రం కాలువ గట్టు మీద మెల్లగా నడస్తా ఉంది, తోడుగా మనవరాలు.